విప్లవాల్లో చదువుపై పరిశోధన చేయాలంటే ఏ పీజీ?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఏ ఫైనలియర్. పొలిటికల్ సైన్స్, సైకాలజీ తన సబ్జెక్టులు. విప్లవాల సమయంలో జనం ఎలా నేర్చుకుంటారో పరిశోధన చేస్తానంటోంది. అలాంటి కోర్సు ఉందా? ఉద్యోగం సంగతేంటి? టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి

జవాబు: ఆ పేరుతో కోర్సు వెతకనక్కర్లేదు. రెండు సబ్జెక్టుల్లో ఏది పీజీ చేయాలన్నదే అసలు ప్రశ్న.

ఆమె ఆలోచన గాలివాటం కాదు. విప్లవం గెలిచాక 1961లో క్యూబా దాదాపు లక్షమంది కుర్రకారుకు లాంతర్లు, వాచకాలు ఇచ్చి పల్లెలకు పంపింది. ఆ ఏడాదిలోనే ఏడు లక్షల మందికి పైగా అక్షరాలు వచ్చాయని ప్రభుత్వ లెక్క. వాచకంలో మొదటి పాఠం ‘ఓఈఏ’. అమెరికా ఖండాల దేశాల సంస్థకు స్పానిష్‌లో పొట్టిపేరది, మూడూ అచ్చులే! అచ్చులు దిద్దిస్తూనే రాజకీయం చెప్పారన్నమాట. నేర్పడం ఎక్కడ ఆగింది, నూరిపోయడం ఎక్కడ మొదలైంది? ఇది రాజనీతి ప్రశ్న.

సైకాలజీది మరో దారి. విప్లవం తెచ్చిన మార్పులు, బడి చదువు జనం ఆలోచనా తీరును మారుస్తాయా అని చూడటానికి సోవియట్ మనస్తత్వవేత్త లూరియా 1931-32లో ఉజ్బెకిస్తాన్ పల్లెలకు వెళ్లారు. మంచు ఉన్నచోట ఎలుగుబంట్లన్నీ తెల్లవి, ఫలానా చోట ఎప్పుడూ మంచే, మరి అక్కడి ఎలుగు ఏ రంగని అడిగితే, చదువురాని రైతులు కొందరు మేం చూడలేదు, ఎలా చెబుతాం అన్నారట. కొద్దిగా బడికెళ్లినవాళ్లు మాత్రం తెలుపని చెప్పారు. రైతుకు తర్కం రాదని తేల్చేయడం నాకైతే తొందరపాటే అనిపిస్తుంది.

మన దగ్గరే నెల్లూరు జిల్లా దూబగుంట ఉంది. అక్షరాస్యత తరగతిలో, సారా తెచ్చే కష్టాల గురించిన ‘సీతమ్మ కథ’ పాఠం చదివిన ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. అది విప్లవం కాదు, నిజమే. కానీ జనం ఎలా నేర్చుకుంటారన్న ప్రశ్న అదే, పైగా ఇంటర్వ్యూలు తెలుగులోనే చేసుకోవచ్చు. పీజీ డిసర్టేషన్‌కు ఇంతకంటే మంచి టాపిక్ నాకు తోచడం లేదు.

ఉద్యోగం మాటకొస్తే, లెక్చరర్ పోస్టులకు పీజీ సబ్జెక్టే చూస్తారు. డిగ్రీ కాలేజీల్లో సైకాలజీ కంటే పొలిటికల్ సైన్స్ ఎక్కువ చోట్ల ఉంది కాబట్టి నా ఓటు దానికే. సివిల్స్ రాసినా ఆప్షనల్‌గా పనికొస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూల్లో సీటుకు సీయూఈటీ-పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. టీచింగ్ కంటే పాఠాల తయారీ, స్వచ్ఛంద సంస్థలు ఇష్టమైతే టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) లేదా అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఎంఏ ఎడ్యుకేషన్ చూడండి. ఫీజు, స్కాలర్‌షిప్ వివరాలు ముందే కనుక్కోండి. పీజీ తర్వాత యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో నెలకు 37,000 రూపాయలు అందుతాయి. సైకాలజీ తెలిసిన కో-గైడ్‌ను అప్పుడు వెతుక్కోవచ్చు. ప్రస్తుతానికి డిసెంబరు నుంచే, సీయూఈటీ-పీజీ నిర్వహించే ఎన్‌టీఏ వెబ్‌సైట్‌పై ఓ కన్నేసి ఉంచమనండి.