పంచుకోవడం అనే ఒక్క మాట గురించి

తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. మొదటిసారి చదివినప్పుడు తొలి పేరా దాటలేకపోయాను. "ఒకే కంప్యూటర్‌లో నడిచే వర్చువల్ మెషిన్లు అన్నదమ్ముల్లా మెమరీని పంచుకుంటాయి" అని మొదలుపెట్టావు. చిరాకేసి పక్కన పెట్టేశాను. రాత్రి మళ్లీ తీసి చివరిదాకా చదివాను కాబట్టే ఈ ఉత్తరం.

అన్నదమ్ములు పంచుకున్నారంటే మనకి అర్థమయ్యేది ఏమిటి? పంపకాలు అయిపోయాయి, ఇక ఎవరి వాటా వారిది అని. నువ్వు చెప్పదలచుకున్నది అది కాదు కదా! వర్చువల్ మెషిన్ అంటే అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్; దాన్ని గెస్ట్ అంటాం, దాన్ని మోసే అసలు కంప్యూటర్‌ని హోస్ట్ అంటాం. పైగా నీ వ్యాసంలో ఆ ఒక్క క్రియే మూడు వేరువేరు పనుల్ని మోస్తోంది. బెలూన్ డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం గెస్ట్ లోపల కూర్చుని పేజీలు, అంటే మెమరీ ముక్కలు, పట్టుకుని హోస్ట్‌కి వదిలేస్తే, హోస్ట్ వాటిని ఇంకో గెస్ట్‌కి ఇవ్వగలదు. అది వాటా మార్చడం. వర్చువల్ మెషిన్లని నడిపే క్యూఈఎంయూలో ఐవీష్‌మెమ్ అనే సదుపాయం పెడితే, ఒకే మెమరీ ముక్క రెండు గెస్టులకూ పీసీఐ పరికరంలా, అంటే తమకి తగిలించిన కార్డులా, కనిపిస్తుంది. ఒకటి రాసింది రెండోది చదువుతుంది. అది ఉమ్మడి. ఎవరు ఎప్పుడు రాయాలన్న తాళాలూ వరసలూ ఆ గెస్టుల్లోని ప్రోగ్రాములే చూసుకోవాలి.

ఇక కేఎస్‌ఎం, అంటే ఒకేలా ఉన్న పేజీల్ని కలిపేసే లైనక్స్ సదుపాయం. 2009లో లైనక్స్ 2.6.32తో వచ్చింది. ఇక్కడ ఎవరూ ఎవరితోనూ ఏమీ పంచుకోరు. హోస్ట్ కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలో, థ్రెడ్ ఒకటి పేజీల్ని తిరగేస్తూ పోతుంది. రెండు పేజీల్లో 4096 బైట్లూ అచ్చం ఒకటే అయితే ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని వదిలేస్తుంది. మిగిలిన పేజీని రాయడానికి వీల్లేకుండా చేస్తుంది. ఏ గెస్ట్ అయినా అందులో ఒక్క బైట్ రాయబోతే, ఆ క్షణంలోనే దానికి సొంత కాపీ తయారవుతుంది. పక్క గెస్ట్ చూసే పేజీ చెక్కుచెదరదు.

మెమరీ గురించి ఏం రాసినా "ఇప్పుడు ఒకరు ఇందులో రాస్తే ఏమవుతుంది?" అన్న ప్రశ్నకి జవాబు ఉండాలి. నేను పట్టుబట్టేది దీనికోసమే. చదివేటప్పుడు మూడు పద్ధతులూ ఒకేలా కనిపిస్తాయి. రాసేటప్పుడే విడిపోతాయి.

నేను మొదటిసారి దీని మీద రాసినప్పుడు ఆ కాపీ గురించే ఒక పేరా రాశాను. సంపాదకుడు దాన్ని కొట్టేసి ఆ చోట అపార్ట్‌మెంట్ పోలిక పెట్టాడు. పాఠకుడికి అంత లోతు అక్కర్లేదన్నాడు. అచ్చయ్యాక ఒక పాఠకుడు అడిగాడు: "నా మెషిన్‌లో ఏదైనా మార్చితే పక్కవాడి మెషిన్‌లోనూ మారిపోతుందా?" అడగడా మరి! ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు ఎవరి వ్యాసం చూసినా "ఒక ఇల్లు ఊహించుకోండి" అనే మొదలవుతోంది. ఇల్లు ఎందుకు? పేజీ ఉంది కదా, దాన్నే చూపించు.

కేఎస్‌ఎంతో మెమరీ సగానికి సగం మిగులుతుందని రాశావు. నువ్వు నడిపి చూశావా? నేను ఒకసారి నడపకుండానే రాయబోయాను. పంపేముందు ఎందుకో అనుమానమొచ్చి రెండు గెస్టులు లేపి చూస్తే, కలిపినందువల్ల ఎన్ని పేజీలు మిగిలాయో చూపే పేజెస్ షేరింగ్ అంకె దగ్గర సున్నా. గంటలు గడిచినా సున్నానే. టెన్షన్‌తో రాత్రంతా వెతికాను. చివరికి తేలింది: గెస్టుల మెమరీని 2 ఎంబీ హ్యూజ్ పేజీల (ముందే పక్కన పెట్టుకునే పెద్ద పేజీల) రిజర్వ్ నుంచి ఇచ్చాను. కేఎస్‌ఎం వాటి జోలికే పోదు. ఆ రాత్రి వ్యాసమంతా మళ్లీ రాశాను.

భద్రత గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. కలిపేసిన పేజీలో రాస్తే కాపీ తీయాలి, అందుకు సమయం ఎక్కువ పడుతుంది. ఆ తేడా కొలిచి, తన దగ్గరున్న పేజీలాంటిదే పక్క గెస్ట్‌లోనూ ఉందో లేదో పసిగట్టొచ్చు. 2014లో ఫ్లష్ ప్లస్ రీలోడ్ అనే దాడి ఇంకో దారిలో వచ్చింది. కలిపిన పేజీని పక్క మెషిన్ ఎప్పుడు చదువుతోందో క్యాష్ (ప్రాసెసర్ పక్కనుండే వేగమైన చిన్న మెమరీ) ద్వారా కనిపెట్టింది. ఆ ఏడాదే వర్చువల్ మెషిన్ల సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్ కంపెనీ కూడా మెషిన్ల మధ్య పేజీలు కలపడాన్ని డిఫాల్ట్‌గా ఆపేయాలని నిర్ణయించింది. ఇది లేకుండా మెమరీ ఆదా గురించి మాత్రమే చెప్తే పాఠకుడికి సగమే చెప్పినట్టు.

కలం పేరు పెట్టుకోవాలా, ఎవరికి పంపాలి అని అడిగావు. ఆ సంగతులు తర్వాత.

మూడో పేజీ అడుగున "ఆ పేజీ ఇక తన ఒక్కదానిదే కాదని గెస్ట్‌కి ఎవరూ చెప్పరు" అని ఒక వాక్యం రాశావు. దాని దగ్గర చాలాసేపు ఆగాను. పైనున్నదంతా తీసేసి వ్యాసాన్ని అక్కడ మొదలుపెట్టు. రెండు గెస్టులు లేపు, పేజెస్ షేరింగ్ అంకె పెరగడం కళ్లారా చూడు, తర్వాత ఒకదానిలో రాసి అది తగ్గడం కూడా చూడు. చూసింది చూసినట్టు రాసి పంపు. నేను చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య