బయట గది తీసుకునే ముందు

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం. యూనివర్సిటీ హాస్టల్లో రూమ్మేట్‌తో పడటం లేదని, బయట విడిగా గది తీసుకుంటానని అంటోంది. హాస్టల్ కమిటీలో చేరమని సీనియర్లు అడుగుతున్నారట. చదువు దెబ్బతింటుందేమోనని మా భయం. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ సెమిస్టర్ అయ్యేదాకా బయటి గది మాట పక్కన పెట్టండి. మీ అమ్మాయికి ఇబ్బంది రూమ్మేట్‌తోనా, హాస్టల్‌తోనా? ముందు అది తేలాలి.

రూమ్మేట్ ప్రభావం చదువు మీద ఉంటుంది, మీ భయం ఉత్తిది కాదు. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కొత్త విద్యార్థుల గదుల కేటాయింపును ఆర్థికవేత్త బ్రూస్ సాసర్డోట్ పరిశీలించి 2001లో ఫలితాలు ప్రచురించారు. ఒకే గదిలో ఉన్నవాళ్ల ప్రభావం మార్కుల్లో కనిపించింది. ప్రధాన సబ్జెక్టు ఎంపికలో మాత్రం కనిపించలేదు. కాబట్టి నిద్రవేళ, లైటు, ఫోన్ మాటలు, వచ్చిపోయేవాళ్లు - వీటి గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అంటే గొడవే మిగులుతుంది. ‘పన్నెండు దాటాక లైటు వెలుగుతుంటే నాకు నిద్ర పట్టడం లేదు’ అంటే ఏదో ఒక దారి దొరుకుతుంది. అప్పటికీ కుదరకపోతే వార్డెన్‌ను అడిగి గది మార్చుకోవచ్చు. వేధింపులుంటే మాత్రం సర్దుకుపొమ్మని చెప్పకండి. అదే రోజు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయించండి.

హాస్టల్ వదలడం వేరే సంగతి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ విద్యార్థి నివాసాలపై మనస్తత్వవేత్త ఫెస్టింజర్ బృందం 1950లో ప్రచురించిన అధ్యయనంలో స్నేహాలు ఎక్కువగా పక్క గుమ్మాలవాళ్ల మధ్యే కుదిరాయి. మెట్ల దగ్గర ఉండేవాళ్లకు పై అంతస్తువాళ్లతోనూ పరిచయాలు పెరిగాయి. రోజూ ఎదురుపడటంలోనే అంత బలం ఉంది. ఒంటరి గదిలో అది దొరకదు. ఉద్యోగం సంగతికొస్తే, ఖాళీల కబురు చాలామందికి ప్రాణస్నేహితుల కంటే అప్పుడప్పుడు కలిసేవాళ్ల ద్వారానే అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే చూపించారు. వరండాలో పలకరించే వేరే బ్రాంచి సీనియర్ అలాంటి పరిచయమే.

కమిటీలో చేరమనండి, కానీ ఒక్క పనికే ఒప్పుకోవాలి. ఉదాహరణకు మరమ్మతుల రిజిస్టర్. ఎవరికి ఏం పాడైందో రాసుకోవడం, ఆఫీసుకు చెప్పడం, పని అయ్యేదాకా వెంటపడటం. రేపు ఇంటర్వ్యూలో ‘నలుగురితో కలిసి ఏం సాధించావు?’ అని అడిగితే చెప్పడానికి సొంత అనుభవం ఉంటుంది. పరీక్షలకు రెండు వారాల ముందు ఆ బాధ్యత ఇంకొకరికి అప్పగిస్తానని చేరేటప్పుడే చెప్పేయాలి.

బిడియమైతే ఈ వారం సాయంత్రాలు గదిలో కాకుండా కామన్ రూమ్‌లో చదువుకోమనండి. మాట్లాడాలని బలవంతపెట్టకండి, అక్కడ కూర్చుంటే చాలు.