స్టార్టప్‌లో కన్సల్టెంట్‌గా చేరమంటున్నారు, చేరవచ్చా?

నెలకు 10 వేలు ఎక్కువ ఇస్తాం, కానీ పేరోల్‌లో, అంటే జీతం తీసుకునే ఉద్యోగిగా కాదు, ఫీజు తీసుకునే కన్సల్టెంట్‌గా చేరమంటున్నారని అడిగారు. నన్నడిగితే వద్దు. ఆ పదివేలు మీకు అదనం కాదు. పీఎఫ్, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం), జీతంతో సెలవులు అన్నీ ఎగ్గొట్టి, మిగిలిన దాంట్లో కొంత మీ చేతిలో పెడుతున్నారు.

2021లో మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో నేనూ ఇలాగే చేరాను. నెలకు 60 వేలు, 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పోగా 54 వేలు. నెలాఖరుకు నేనే ఇన్వాయిస్, అంటే నా ఫీజు బిల్లు, పంపాలి. పేరుకు కన్సల్టెంట్‌ని, కానీ తొమ్మిదిన్నరకల్లా లాగిన్ కావాలి, ఒక పూట సెలవుకైనా మేనేజర్‌ని అడగాలి, బయట ఇంకో పని ఒప్పుకోకూడదు.

రెండో ఏడు కడుపుతో ఉన్నాను. ఆరో నెలలో ప్రసూతి సెలవు సంగతి అడిగితే హెచ్ఆర్ అమ్మాయి అగ్రిమెంట్ తీసి చూపించింది. నాకంటే చిన్నపిల్ల, నా మొహం కూడా చూడలేకపోయింది. "అక్కా, మీరు ఎంప్లాయీ కాదు కదా, ఇన్వాయిస్ వేసిన నెలకే డబ్బులొస్తాయి" అంది. పది మంది, ఆపైన ఉద్యోగులుండే చోట 26 వారాలు జీతంతో సెలవివ్వాలని చట్టం ఉంది. మా ఆఫీసులో ముప్ఫై మందికి పైగా కూర్చునేవాళ్ళం. పేరోల్‌లో ఉన్నది ఎనిమిది మందే! ఇది పొరపాటున జరిగిందంటే నేను నమ్మను.

పురుటికి ఖమ్మంలో అమ్మావాళ్ళింటికి వెళ్ళాను. ఈఎంఐ ఆగదు కాబట్టి బాబు పుట్టిన పదమూడో రోజున లాప్‌టాప్ తెరిచాను. చెవుల్లో దూది, పక్కలో బాబు. ఐదు నిమిషాలు కాల్‌లోకి రండి చాలన్నారు, నలభై నిమిషాలు పట్టింది. బాబు ఏడుస్తుంటే మ్యూట్‌లో పెట్టుకుని పాలిచ్చాను. "బాలింతవే, కళ్ళు పోతాయి, మూసెయ్యవే" అంటూ అమ్మ గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

అదే కంపెనీలో ప్రతి మీటింగ్‌లోనూ "మనమంతా ఒక కుటుంబం" అనేవారు. ఇప్పటికీ ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ కుటుంబంలో బాలింత చేత పని చేయిస్తారు?

నిజంగా మీ టైమ్ మీదై, ఇద్దరు ముగ్గురు క్లయింట్లకు చేసుకోగలిగితే అది వేరు, హాయిగా చేయండి. రోజూ హాజరు వేసుకుంటూ ఫీజు తీసుకోమంటే మాత్రం ఒప్పుకోకండి. పేరోల్‌లో పెట్టమని ఒక్కసారి మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు. వాళ్ళేమన్నారో ఇక్కడ రాయండి, అగ్రిమెంట్ పంపితే అందులో ఏం చూసుకోవాలో చెబుతాను.