మాటలు రాని పిల్లల తెలివి ఈఈజీలో తెలుస్తుందా? మా పాప విషయంలో చూసింది చెబుతున్నాను

మీ బాబుకు ఏడేళ్లు, మాటలు లేవు, ఐక్యూ 30 కన్నా తక్కువని రాసిచ్చారు, ఈఈజీ (తలకు వైర్లు పెట్టి మెదడులోని విద్యుత్ సంకేతాలు నమోదు చేసే పరీక్ష) తీయిస్తే అసలు సంగతి తెలుస్తుందా అని అడిగారు. ఆసుపత్రుల్లో మామూలుగా తీసే ఈఈజీ ఫిట్స్ లాంటివి చూడటానికి. అందులో తెలివి ఎంతో తెలియదు.

మా పాపకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో ఇబ్బంది వల్ల ఒంటి కదలికలు అదుపులో ఉండవు. ఆరేళ్లప్పుడు ఒకచోట పరీక్ష చేస్తూ "బంతి ఏది, చూపించు" అన్నారు. పాప కళ్లు బంతి బొమ్మ మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం బల్ల అంచు దాటి రాలేదు. జవాబు రానట్టే రాసుకున్నారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తర్వాత ఒక పరిశోధనకు పిలిస్తే వెళ్లాం. తలకు నూనె రాయకుండా తీసుకురమ్మన్నారు. ఈఈజీ వైర్ల టోపీ పెట్టి జెల్ వేస్తుంటే పాప రెండుసార్లు పీకేసింది. మూడోసారి ముందు నేను పెట్టుకుని చూపించాక ఊరుకుంది. బొమ్మ చూపిస్తూ మాట వినిపించారు: కుక్క బొమ్మకు "కుక్క", ఇంకోసారి అదే బొమ్మకు "కుర్చీ". మాట అర్థం తెలిస్తే, పొంతన లేని మాట విన్న 400 మిల్లీసెకన్ల ప్రాంతంలో మెదడు స్పందన మారుతుంది. దాన్ని ఎన్400 అంటారు. 1980లో అమెరికాలో మార్తా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ బయటపెట్టారు. నోరు, చెయ్యి సహకరించని పిల్లలకు ఈ పద్ధతి మీద అందుకే అంత ఆశ. కాకపోతే ఆ తేడా కొన్ని మైక్రోవోల్టులే. ఎన్నోసార్లు వినిపించి సగటు తీయాలి, పిల్లలు కదిలితే రికార్డింగులో ఆ ముక్క పనికిరాదు.

పాపకు ఆ తేడా కనిపించిందన్నారు. నేను ఏడ్చేశాను. అప్పుడు వాళ్లు చెప్పిన మాట మీకూ అవసరం: కనిపిస్తే మాట అందుతోందనడానికి ఒక ఆనవాలు, కనిపించకపోతే అర్థం కావట్లేదని అనుకోకూడదు. ఏ ఇబ్బందీ లేని పిల్లల్లో కూడా కొందరికి విడిగా చూస్తే స్పష్టంగా రాదట. దీంతో ఐక్యూ నంబరూ రాదు, వైకల్య సర్టిఫికెట్‌కీ పనికిరాదు. ఎవరైనా డబ్బు తీసుకుని "బ్రెయిన్ మ్యాపింగ్‌తో ఐక్యూ చెబుతాం" అంటే దయచేసి వెళ్లకండి.

ముందు వినికిడి కోసం బెరా (శబ్దానికి మెదడు స్పందన చూసే పరీక్ష) చేయించండి. వినపడని పిల్లాడికి మాటలతో చేసే ఏ పరీక్షలోనైనా ఫలితం తప్పుగా రావచ్చు. తర్వాత సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లాంటి చోట మళ్లీ అసెస్‌మెంట్ అడగండి. వేలితో కాకుండా చూపుతో ఇచ్చే జవాబును కూడా లెక్కలోకి తీసుకోమని గట్టిగా చెప్పండి, మొహమాటపడకండి.

వెళ్లేటప్పుడు ఇంట్లో తీసిన వీడియోలు ఫోన్‌లో ఉంచుకోండి. మేం చూపించిన దాంట్లో, "నాన్న వచ్చాడా?" అనగానే పాప తల తలుపు వైపు తిరుగుతుంది. డాక్టరమ్మ దాన్ని మూడుసార్లు వేయించుకుని చూశారు.