టాలిన్‌లో ఎనిమిది గంటలే ఉంటే ముందు కొండ మీదికి వెళ్ళండి, ఊరు దిగుతూ చూడండి

మా ఓడ ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకే ఆగుతుంది, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నకి డెబ్బై దాటాయి, ఓడవాళ్ళు అమ్మే టూర్ తీసుకోవాలా లేక సొంతంగా తిరగొచ్చా అని అడిగారు కదా. సొంతంగానే తిరగండి. రెండేళ్ళ క్రితం జూలైలో మేమూ ఇలాగే అమ్మానాన్నలతో కోపెన్‌హాగన్‌లో ఓడెక్కి టాలిన్‌లో ఒక పూట దిగాం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

రేవు నుంచి పాత ఊరు దగ్గరే, మామూలుగా నడిచేవాళ్ళకి ఇరవై నిమిషాలు. కానీ మీరు నడవకండి. ఆ ఓపిక లోపల తిరగడానికి కావాలి. బోల్ట్ యాప్‌లో టాక్సీ పిలిచి (ఆ కంపెనీ పుట్టిందే టాలిన్‌లో) నేరుగా తూంపెయా కొండ మీదికి, అలెగ్జాండర్ నెవ్‌స్కీ కెథెడ్రల్ ముందు దింపమనండి. చాలామంది కింద పాత ఊరికి వెళ్ళే ‘వీరు’ (Viru) అనే గేటు దగ్గర మొదలుపెట్టి షాపులన్నీ చూసి, అలసిపోయాక ఎండలో కొండెక్కుతారు. పెద్దవాళ్ళకి అది నరకం. పైనుంచి మొదలుపెడితే ఆ రోజంతా దిగడమే ఉంటుంది. ఇంకో లాభం ఏంటంటే, రేవులో మీదొక్కటే ఓడ ఉండదు, మూడు నాలుగు ఓడల జనం ఒకేసారి దిగితే పది దాటాక ఆ సన్నటి వీధుల్లో కాలు పెట్టే చోటుండదు. ఎనిమిదిన్నరకల్లా పైన ఉంటే కొండంతా మీదే.

అక్కడ కొహ్తుఒత్సా అనే చోటు నుంచి ఊరు చూడండి. ఎర్ర పెంకుల కప్పులు, కోట గోడ బురుజులు, 124 మీటర్ల ఒలెవిస్తె చర్చి శిఖరం, దాని వెనక సముద్రం, రేవులో మన ఓడ. అమ్మ అక్కడే అరగంట కూర్చుంది, మేం తొందర పెట్టలేదు.

దిగడానికి రెండు దారులున్నాయి, వాటి పేర్లకి అర్థం పొడుగు కాలు, పొట్టి కాలు. పొట్టి కాలు దారిలో మెట్లుంటాయి, అమ్మగారికి వద్దు. పొడుగు కాలు దారి, అంటే పిక్ యల్గ్, మెల్లగా వాలుగా దిగుతుంది. దాని చివర గేటున్న బురుజు ఒకటి వస్తుంది, అక్కడ కాసేపు ఆగండి. పైన ప్రభువులు, బిషప్పులు ఉండేవాళ్ళు, కింద వర్తకులు. కింది ఊరు 1285లో హాన్సా వర్తక కూటమిలో చేరి బాగా డబ్బు చేసింది. ఎవరి చట్టం వాళ్ళది, ఒకరికొకరు పడేది కాదు, రాత్రి ఆ గేటు మూసేసేవాళ్ళు. ఈ సంగతి తెలిసి ఆ దారిలో దిగితే ఒకే రోజులో రెండు ఊళ్ళు చూసినట్టుంటుంది.

కింద టౌన్ హాల్ స్క్వేర్. 1404లో కట్టిన టౌన్ హాల్ ఇప్పటికీ నిలబడి ఉంది, దాని మీద 1530 నాటి నుంచీ గాలి వాటం చూపించే ముసలి తోమస్ బొమ్మ. అక్కడ ఒక ఫోటో తీసుకుంటే చాలు. మా రోజు నిజంగా మారిపోయింది ఆ చౌకు మూలనున్న మందుల షాపులో. రాఎయాప్తేక్ అంటారు. 1422 నాటికే నడుస్తున్నట్టు రికార్డుల్లో ఉంది, ఈరోజుకీ అదే చోట మందులమ్ముతున్నారు. నాన్న తెనాలిలో ముప్పై ఏళ్ళు మెడికల్ షాపు నడిపారు. చర్చిలు, బురుజులు చూసి పెద్దగా ఏమీ అనని మనిషి అక్కడ గంట సేపు కదల్లేదు. పక్కన చిన్న మ్యూజియంలాగా పాతకాలపు సీసాలు, అప్పటి మందుల సరుకు పెట్టారు. కాల్చిన తేనెటీగలు, గబ్బిలం పొడి కూడా మందులేనట అప్పట్లో. బుర్చార్ట్ అనే ఒకే కుటుంబం పది తరాలు, 1582 నుంచి 1911 దాకా, ఆ షాపు నడిపిందని తెలిశాక నాన్న మాట్లాడలేదు. ఆయన తర్వాత మా షాపు మేమెవ్వరం తీసుకోలేదు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. దగ్గు బిళ్ళలు కొనుక్కుని బిల్లు అడిగి మరీ జేబులో పెట్టుకున్నారు. మీరు వెళ్ళే రోజు షాపు తెరిచి ఉంటుందో లేదో ముందే చూసుకోండి.

అందుకే చెప్తున్నాను, మీ అమ్మానాన్నలకి దేని మీద ఇష్టమో ముందే అడిగి దానికి రెండు గంటలు వదిలిపెట్టండి. మిగతావి తప్పిపోయినా పర్లేదు. గైడు జెండా వెనక పరిగెత్తే టూర్‌లో ఇది కుదరదు.

తిండికి టెన్షన్ వద్దు. పాత ఊళ్ళో ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి, శాకాహారులకి పాన్‌కేకులు, నల్ల రొట్టె కూడా దొరుకుతాయి. సూప్ తాగే ముందు మాత్రం మాంసం ఉందేమో అడగండి. పిక్ వీధిలో 1864 నాటి మయాస్మొక్ కేఫ్ ఉంది, అక్కడ బాదం ముద్దతో చేసిన మార్జిపాన్ అమ్మకి మన బాదం హల్వాలా నచ్చింది. డబ్బు యూరోలే.

ఒక్క జాగ్రత్త, టైము. కోపెన్‌హాగన్ కంటే టాలిన్ గంట ముందుంటుంది. ఓడలో గడియారాలు ముందుకు జరుపుకోమని చెప్పారు, మా ఫోన్లు వాటంతట అవే మారాయి, నాన్న చేతి గడియారం మారలేదు. రెండింటికి వీరు గేటు దగ్గర కలుద్దామని విడిపోయాం. మూడవుతున్నా ఆయన రాలేదు. రోమింగ్ లేదు, ఫోన్ కలవదు. అమ్మ ఏడుపు మొహం పెట్టింది, నేను ఆ గుంపులో పరిగెత్తి వెతికాను. మూడింటికి తీరిగ్గా నడుచుకుంటూ వచ్చారు, ఆయన లెక్కలో సరిగ్గా రెండింటికే! దిగే ముందు అందరి గడియారాలూ ఓడ టైముకి మీరే మార్చండి, పెద్దవాళ్ళని విడిగా పంపకండి. నాలుగుకి ఓడ కదులుతుందంటే అంతకంటే ముందే లోపల ఉండాలి, ఆ టైమెంతో దిగేటప్పుడే చూసుకోండి.

అమ్మగారికి మెత్తటి లావు అడుగున్న బూట్లు ఇప్పుడే కొని ఓ వారం ఇంట్లో తొడిగించి అలవాటు చేయించండి. వీధులన్నీ గుండ్రాళ్ళే, చెప్పులతో వద్దు.