రిగ్గు దిగకముందే మాట కలవాలి: మత్స్యశాఖలో ఏడీగా (అసిస్టెంట్ డైరెక్టర్‌గా) చేరిన మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మొన్న రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. మీటింగులో సముద్రంలో చమురు, గ్యాసు తీసే కంపెనీ వాళ్లు తెర మీద మ్యాపు వేసి బావులు ఇక్కడ, పైపులైను ఇలా అని చూపించారట. మత్స్యశాఖ ఏమంటుందని అడిగితే నీ దగ్గర బోట్ల లెక్క తప్ప ఏమీ లేకపోయిందన్నావు. కాకినాడలో చేరి రెండు నెలలు కూడా కాలేదు, అప్పుడే అంత టెన్షన్ పెట్టుకోకు. నేను ఆ తీరంలో పనిచేసిన రోజుల్లో నాకూ ఇదే ఎదురైంది. చమురు వ్యవహారాలు చూసే వాళ్లకీ మన శాఖకీ మాట కలుస్తుంది. కాకపోతే ఒక్క మీటింగుతో అయ్యే పని కాదు. నాకు తెలిసింది రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు నీ మ్యాపు నువ్వు తయారు చేసుకో. అన్నిటికంటే పెద్ద పని ఇదే. సముద్రం అడుగున ఏముందో చెప్పే సర్వేలు వాళ్ల దగ్గర ఏళ్ల తరబడి పోగుపడి ఉన్నాయి. ఆ నీళ్లలో ఎవరు, ఏ నెలలో, ఏ వలతో వేటాడతారో చెప్పే కాగితం మాత్రం బల్ల మీదకి ఎవరూ తేరు. అందుకే వాళ్ల మ్యాపులో మనవాళ్ల వేట చోటు ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీగా ఉన్న చోట గీత గీయడానికి ఎవరూ వెనకాడరు.

ఆ మ్యాపు ఆఫీసులో కూర్చుంటే రాదు. కుంభాభిషేకం రేవుకి, ఉప్పాడకి, భైరవపాలేనికి, బలుసుతిప్పకి, ఓడలరేవుకి నువ్వే వెళ్లాలి. బోట్లు ఒడ్డుకి చేరే వేళ వెళ్తే చేపలు దించే హడావుడిలో నీతో ఎవరూ మాట్లాడరు. వలలు బాగుచేసుకునే మధ్యాహ్నం పూట వెళ్లు. ఓనర్లతో పాటు సరంగుల్ని, అంటే బోటు నడిపేవాళ్లని, తప్పకుండా అడుగు. ఎన్ని బారల లోతు, ఏ చేప, ఏ వల, వల నీళ్లలో ఎన్ని గంటలు ఉంటుంది, వేట రాత్రా పగలా. కానాగంతలకి వెళ్లే చోటు వేరు, వంజరానికి వల వదిలే చోటు వేరు. టూనాకి గేలాలు వేసేవాళ్లు ఇంకా లోపలికి పోతారు. ఒడ్డు పక్కనే వేటాడే చిన్న నావల వాళ్లని మర్చిపోకు. పైపులైను ఒడ్డుకి చేరే చోట ముందు నష్టపోయేది వాళ్లే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ప్రతి సరంగు జీపీఎస్‌లోనూ అతని సొంత గుర్తులు ఉంటాయి. వాటిని సొంత అన్నదమ్ములకి కూడా చెప్పనివాళ్లు ఉన్నారు. నువ్వు అవి తీసుకుని కంపెనీ చేతిలో పెట్టావంటే ఆ రేవులో నీ మాట మళ్లీ ఎవరూ వినరు. కాబట్టి గుర్తులు అడగొద్దు. పెద్ద పెద్ద గళ్లు గీసి, ఏ గడిలో ఏ నెలలో సుమారు ఎన్ని బోట్లు ఉంటాయో రాసుకో. బావి ఎక్కడ తవ్వాలో, సర్వే ఎప్పుడు చేయాలో మాట్లాడటానికి అది చాలు.

ఇక ఎవరితో మాట్లాడాలి? కంపెనీ లైజన్ ఆఫీసరే అవతలి పక్షం అనుకోవడం నేను చాలా ఏళ్లు చేసిన పొరపాటు. ఆయన మర్యాదగా వింటాడు, రాసుకుంటాడు, కానీ అనుమతులు ఆయన చేతిలో ఉండవు. బ్లాకుల్లో, అంటే చమురు, గ్యాసు కోసం కంపెనీలకి కేటాయించిన సముద్ర భాగాల్లో, పనిని పర్యవేక్షించేది కేంద్ర పెట్రోలియం శాఖ కింద 1993లో ఏర్పడిన డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ హైడ్రోకార్బన్స్, అందరూ డీజీహెచ్ అంటారు. సముద్రం మీద పని భద్రత చూసేది, 2008 నాటి నిబంధనల ప్రకారం, ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్. మన శాఖకున్నది సముద్ర వేట మీద 1994 నాటి రాష్ట్ర చట్టం. దాని పరిధి తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. 2009లో గ్యాసు మొదలైన డీ6 బ్లాకు గానీ, 2024 జనవరిలో మొదటి చమురు తీసిన ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు గానీ ఆ గీత దాటాకే ఉన్నాయి. "అది మన పరిధి కాదు కదా" అని మన ఆఫీసులోనే అంటారు. ఆ మాటకి ఆగిపోకు. అక్కడికి వెళ్లే బోటు మన రేవు నుంచే బయల్దేరుతుంది, దాని రిజిస్ట్రేషన్ మనమే ఇచ్చాం. నీ మ్యాపునీ దాని వెంట రెండు పేజీల నోటునీ కమిషనర్ గారి ద్వారా ఆ రెండు డైరెక్టరేట్లకీ వెళ్లేలా చూడు. కలెక్టర్ గారికి ఒక కాపీ పెట్టు.

ఈ తొందర ఎందుకంటే, పాత రోజుల్లోలా ఇప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ రోజున మన మాట చెప్పుకుందాం అనుకోవడానికి లేదు. 2020 జనవరిలో పర్యావరణ నిబంధనలు మార్చాక, చమురు ఉందో లేదో చూడటానికి తవ్వే అన్వేషణ బావులకి ఆ సభ అక్కర్లేకుండా పోయింది. తవ్వకం లేని సర్వేలకైతే అంతకుముందు నుంచే పర్యావరణ అనుమతి అవసరం లేదు. గ్యాసు, చమురు తీసే దశ వచ్చాకే సభ పెడతారు. అప్పటికి బావి చోటూ పైపులైను దారీ దాదాపు ఖాయమై ఉంటాయి. మొదటి దశలో మత్స్యకారుడి తరఫున మాట్లాడే ప్రభుత్వ మనిషివి నువ్వే. నువ్వు అడగకపోతే అడిగేవాళ్లు లేరు.

సర్వే ఓడల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, గొడవలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. సముద్రం అడుగున ఏముందో తెలుసుకోవడానికి ఆ ఓడ నీళ్లలోకి పెద్ద శబ్దాలు పంపుతూ, వెనక కిలోమీటర్ల పొడవున కేబుళ్లు లాగుతూ నాలుగైదు నాట్ల వేగంతో పోతుంది. చటుక్కున ఆగలేదు, పక్కకి తిరగలేదు. నా సర్వీసులో ఒక రాత్రి అలాంటి ఓడ వలల మీదుగా పోయింది. పొద్దున్నే పదిమంది తెగిన తాళ్లు భుజాన వేసుకుని మా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. నావికులకి ముందే నోటీసు ఇచ్చామని కంపెనీ అంది. నిజమే, ఇచ్చారు. ఇంగ్లీషులో, డిగ్రీలు నిమిషాలతో, సముద్ర హెచ్చరికల బులెటిన్‌లో. పల్లం లాంటి మత్స్యకారుల ఊళ్లో దాన్ని చదివేదెవరు? వలలు ఎక్కడ ఉన్నాయో మన దగ్గరా రాసి లేదు. ఆ పదిమందికి డబ్బు రావడానికి రెండేళ్లు పట్టింది, అదీ సగమే. వాళ్లలో ఒకాయన ఈలోగా బోటు అమ్ముకుని కూలికి పోయాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకని సర్వేకి నెల ముందే ఆ నోటీసు నీకు రావాలని రాతపూర్వకంగా అడుగు. దాన్ని తెలుగులోకి మార్చి, "ఫలానా రేవుకి ఎదురుగా, ఇన్ని బారల లోతు నుంచి ఇన్ని బారల దాకా, ఫలానా తేదీల్లో" అని గ్రామాల్లోని మత్స్య సహాయకుల ద్వారా, సాగరమిత్రల ద్వారా పంపు. వాట్సాప్‌లో అక్షరాలకంటే గొంతు రికార్డింగు బాగా పనిచేస్తుంది. సర్వే ఓడకి తోడుగా వెళ్లే చిన్న బోటులో ఆ తీరం మత్స్యకారుడు ఒకరు ఉండాలని, వీహెచ్ఎఫ్ రేడియోలో తెలుగులో మాట్లాడాలని పట్టుబట్టు. ఇది గొంతెమ్మ కోరిక అంటారేమో, అప్పుడు నార్వే గురించి చెప్పు. అక్కడ సర్వే ఓడలో వేట తెలిసిన మనిషి ఉండాలన్నది నిబంధన. సర్వే వేళల మీద అక్కడి మత్స్య డైరెక్టరేట్ సలహా తీసుకుంటారు. ఊరికే పెట్టుకున్న నియమం కాదది. 1992లో బారెంట్స్ సముద్రంలో శాస్త్రవేత్తలు పరీక్షించి చూస్తే, సర్వే శబ్దాల వల్ల వలకి పడే కాడ్ చేపలు సగటున సగానికి తగ్గిపోయాయి. 18 నాటికల్ మైళ్ల దూరంలో కూడా తగ్గుదల కనిపించింది. ఆ చేప వేరు, మన చేప వేరు. అయినా ఓడ దాటాక రెండు మూడు రోజులు వల ఖాళీగా వస్తోందని మన సరంగులు అన్నప్పుడు కొట్టిపారేయకూడదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, సర్వేలన్నీ ఆ 61 రోజుల్లో పెట్టేస్తే గొడవే ఉండదని ఎవరో ఒకరు తప్పక అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ నిషేధం పెట్టిందే చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఒడ్డుకి దగ్గరి నీళ్లలో దానికి ఒప్పుకోవద్దని నా అభిప్రాయం. లోతు నీళ్ల సంగతి సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) విశాఖ కేంద్రం శాస్త్రవేత్తలని అడిగి తేల్చుకో.

రిగ్గుల చుట్టూ 500 మీటర్ల భద్రతా వలయం మీద మాత్రం బేరం పెట్టకు. అది ప్రాణాలకి సంబంధించింది. అయితే మనవాళ్లు అక్కడికి మొండితనంతో పోరు. ఆ ఇనుప కాళ్ల చుట్టూ, రాత్రి దీపాల కింద చేపలు చేరతాయి, వాటి వెనక బోట్లు పోతాయి. కాపలా బోటు వాళ్లు అరుస్తారు, మాటా మాటా పెరుగుతుంది. కారణం అవతలి వాళ్లకి నువ్వు చెప్పు, ప్రమాదం సరంగులకి నువ్వు చెప్పు. వలయం అంచు రాత్రి పూట కూడా తెలిసేలా దీపాల బోయాలు వేయించమని అడుగు.

నష్టపరిహారం గురించి రెండు మాటలు. ముమ్మిడివరం వైపు 2012 నాటి తవ్వకాలకి సంబంధించిన బకాయి, కుటుంబానికి 47,250 రూపాయలు, 2019 నవంబరులో గానీ అందలేదు. 2023లో పైపులైను పనులకి 23,458 కుటుంబాలకి నెలకి 11,500 చొప్పున ఆరు నెలలకి ఇచ్చారు. డబ్బు అందడం మంచిదే. కానీ ఎవరికి ఎంత పోయిందో తేల్చాలంటే పని మొదలవ్వకముందు ఏడాది పాటు రేవుల వారీగా వేట లెక్క ఉండాలి. ఆ లెక్క ఇవాళే మొదలుపెట్టు. అందులో బోటు ఎక్కని వాళ్లని కూడా చేర్చు. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చేపలు అమ్మే ఆడవాళ్లు, చేపలు ఎండబెట్టేవాళ్లు, ఐసు మోసేవాళ్లు. బోటు ఆగితే ఆ పూటే వాళ్ల పొయ్యీ ఆగుతుంది. జాబితాల్లో వాళ్ల పేర్లు వెతికినా కనిపించవు. నా హయాంలో ఆ పని చేయలేకపోయాను. నువ్వు చెయ్యాలని నా కోరిక.

యానాం వాళ్లు అదే నీళ్లలో వేటాడతారు, కానీ వాళ్ల మత్స్యశాఖ పుదుచ్చేరిది. అక్కడి అధికారికి ముందే ఫోన్ చేసి, మ్యాపులో వాళ్ల బోట్లని కూడా చేర్చు. చమురు తెట్టు వస్తే ముందుండేది కోస్ట్‌గార్డ్. వాళ్ల డ్రిల్లుకి నిన్ను పిలవమని ఒక ఉత్తరం రాసి పెట్టుకో.

ఒక్కటే మాట ఇంకా. మూడు నెలలకోసారి, గొడవ ఉన్నా లేకపోయినా, కంపెనీ వాళ్లూ మత్స్యకారులూ రేవులోనే కూర్చుని మాట్లాడే ఏర్పాటు చెయ్యి. మినిట్స్ తెలుగులో రాయించి సరంగుల ముందు చదివించు. క్రితంసారి ఒప్పుకున్నవి ఎన్ని జరిగాయో అక్కడే అడుగు.

నా పాత నోటుపుస్తకాలు నాలుగు అట్టపెట్టెలో సర్ది బస్సులో వేయిస్తున్నాను, గురువారం తీసుకో. ఆకుపచ్చ అట్ట పుస్తకంలో భైరవపాలెం నుంచి అంతర్వేది దాకా నెలల వారీగా వేట చోట్లు రాసి ఉన్నాయి. గళ్ల మ్యాపుకి పునాదిగా పనికొస్తుంది, కాకపోతే తీరం అప్పటిలా లేదు, ప్రతి చోటూ మళ్లీ అడిగి సరిచూసుకో.

ఇట్లు,
మీ పెదనాన్న