నల్గొండ కోర్టులో జూనియర్‌గా ఉంటూ టెక్నాలజీ చట్టాల వైపు వెళ్లొచ్చా?

నల్గొండలో ఒక సీనియర్ దగ్గర చేస్తున్నానని, కంప్యూటర్ చదువు లేదని, డేటా చట్టాల్లో పెద్ద ఉద్యోగాలు నేషనల్ లా యూనివర్సిటీ వాళ్లకేనా అని అడిగారు.

కాదండీ. నేను మిర్యాలగూడ కోర్టులో మొదలుపెట్టాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ లీగల్ విభాగం చూస్తున్నాను. ఇక్కడ రోజూ నాకు పనికొచ్చేది అక్కడ నేర్చుకున్న సాక్ష్యం పనే.

మీ ఆఫీసులో ఉన్న ఫైళ్లే తీసి చూడండి. చెక్ బౌన్స్ కేసులో వాట్సాప్ మెసేజ్‌లు, ధాన్యం బాకీ దావాలో యూపీఐ చెల్లింపులు, భూమి తగాదాలో కాల్ రికార్డింగ్ ఏదో ఒకటి ఉంటుంది. స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసి జత చేస్తే సరిపోదు. అసలు ఫోనే కోర్టు ముందుకు రాకపోతే పాత సాక్ష్య చట్టం సెక్షన్ 65బి కింద, ఆ ఎలక్ట్రానిక్ రికార్డు ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ ఉండాల్సిందేనని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై 1 నుంచి దాని చోట భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 అమల్లోకి వచ్చింది. ఇప్పుడు సర్టిఫికెట్‌లో ఒక భాగం పార్టీ, రెండోది నిపుణుడు నింపాలి, హ్యాష్ వాల్యూ, అంటే ఫైల్‌కు వేలిముద్రలాంటి కోడ్, రాయాలి. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా ఆ హ్యాష్ ఎందుకు మారిపోతుందో జడ్జిగారికి తెలుగులో వివరించేలా నేర్చుకోండి. అది చేయగలిగిన లాయర్ కోసం కంపెనీలు వెతుక్కుంటాయి.

ఎందుకంటే డేటా లీకైనప్పుడు, విషయం తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు రిపోర్ట్ చేయాలి. అప్పటికి ఇంజినీర్లు ఏం జరిగిందో ఇంకా వెతుకుతూనే ఉంటారు, అందరికీ టెన్షన్. అప్పుడు నేను అడిగేవి క్రాస్ ఎగ్జామినేషన్ ప్రశ్నలే: ఈ లాగ్ (సిస్టమ్‌లో జరిగిన పనుల రికార్డు) ఎవరి దగ్గరుంది, ఎప్పుడు కాపీ చేశారు, ఆ తర్వాత ఎవరు ముట్టుకున్నారు?

2023 డేటా రక్షణ చట్టంలో ఉన్నవి 44 సెక్షన్లే, ఒక ఆదివారం కూర్చుంటే చదివేయొచ్చు. భద్రతా ఏర్పాట్లు సరిగ్గా లేకపోతే జరిమానా 250 కోట్ల దాకా పడొచ్చు, అందుకే కంపెనీలకు ఈ భయం. ప్రైవసీ ప్రాథమిక హక్కేనన్న 2017 పుట్టస్వామి తీర్పు కూడా చదవండి.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యం. మన జిల్లాల్లో సైబర్ మోసం అనగానే హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి ఆగిపోతారు. ఐటీ చట్టం సెక్షన్ 46 కింద రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు 5 కోట్ల వరకు నష్టపరిహారం అడగొచ్చని చాలామంది లాయర్లకే తెలీదు. అలాంటి బాధితుల కేసు ఒక్కటైనా తీసుకోండి.

ఇంగ్లిష్ డ్రాఫ్టింగ్ మాత్రం రోజూ సాధన చేయాలి, కాంట్రాక్టులన్నీ అందులోనే ఉంటాయి. సీనియర్‌గారిని వదిలేసి ఇప్పుడే హైదరాబాద్ బస్సెక్కొద్దు. సాక్షుల విచారణ మొత్తం మీరే నడిపిన ట్రయల్ ఒకటైనా చేతిలో ఉన్నాక అప్లై చేయండి.